కుట్లు వేసిన చివరి పేజీలు

నీలం.

వేళ్ళ కొసల మీద నీలం... ఎంత సబ్బు రుద్దినా వదలని నీలం. పేజీ తిప్పిన ప్రతిచోటా ఓ మూల అంటుకునే నీలం.

ఆమె లాబ్‌లో పనిచేస్తుంది. మనుషుల ఒంట్లోంచి తీసిన చిన్న చిన్న ముక్కలు, మైనంలో బిగుసుకుని, ఆమె బల్ల మీదికి వస్తాయి. వాటిని ఉల్లిపొరకన్నా పల్చగా కోస్తుంది. గాజుపలక మీద పరుస్తుంది. నీలం రంగులో, ఆ పైన గులాబీలో ముంచుతుంది. అప్పుడు డాక్టరమ్మ మైక్రోస్కోపులో చూసి ఏముందో చెబుతుంది.

చెప్పాల్సింది డాక్టరమ్మే. కానీ ఇన్నేళ్ళుగా చూస్తున్న కళ్ళు కదా — చాలావరకు ఆమెకూ తెలిసిపోతుంది.

ఆమెకు ఆగడం చేతకాదు.

పాలు కాగేదాకా ఆగలేదు. లిఫ్టు వచ్చేదాకా ఆగలేదు. నవల చేతికొస్తే ముందు చివరి పేజీయే. వాళ్ళిద్దరూ కలిశారా, ఆ ముసలాయన బతికాడా... అది తేలితే గానీ మొదటి పేజీ మొహం చూడదు. తేలాక చాలాసార్లు అసలే చూడదు.

అక్క ఆమెను గాబరా అని పిలుస్తుంది.

"ఒసే గాబరా, నీకు కథ అక్కర్లేదే. తీర్పు కావాలి," అంది ఓ ఆదివారం.

అక్క దర్జీ షాపులో కాజాలు కుడుతుంది. చొక్కా తర్వాత చొక్కా, కాజా తర్వాత కాజా, తలెత్తకుండా. తొందర అనేది అక్క ఒంటికి పడదు.

ఆ ఆదివారమే పందెం వేసుకున్నారు. ఒక పాత పుస్తకం, ఒక కొత్త పుస్తకం. మళ్ళీ పాతది, మళ్ళీ కొత్తది. ఏడాది పొడుగునా. ఇద్దరికీ చెరో ప్రతి. సాయంత్రం ఫోన్లో ఎక్కడిదాకా వచ్చారో చెప్పుకోవాలి. చివరి పేజీ ముందే చూడకూడదు.

మాట మీద నమ్మకం లేక, చెల్లెలి పుస్తకాలకి చివరి పేజీలన్నీ కలిపి అక్క టాకాలు వేసి ఇచ్చింది. సూదీ దారంతో.

"మరి నీ పుస్తకాలకో?"

"నాకెందుకే కుట్లు?" అంది అక్క, దారం పళ్ళతో కొరుకుతూ.

పాత పుస్తకాలు ఆమెను సతాయించాయి. తెల్లవారడానికే రెండు పేజీలు. ఒక రాజుగారు నిట్టూర్చడానికి ఇంకో పేజీ. కాలు ఊపుతూ చదివింది. నిలబడి చదివింది. వంటగట్టుకి ఆనుకుని చదివింది. కొత్త పుస్తకాలది ఇంకో గోల. ఎవరు మాట్లాడుతున్నారో చెప్పవు. ఎక్కడున్నారో చెప్పవు. "వీడికేం పోయేకాలం, పేరైనా చెప్పి ఏడవచ్చుగా!" అని ఫోన్లో తిట్టింది. అక్క పగలబడి నవ్వింది.

వేలు మాత్రం చివరికే పోయేది. కుట్లు తడిమేది. వెనక్కొచ్చేది.

అయినా... ఎక్కడో కాస్త పట్టు దొరికింది. ఒక పాత నవలలో పడవవాడు వాన తగ్గేదాకా ఊరికే కూర్చుంటాడు. ఏమీ జరగదు. అది చదువుతూ ఆమె దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

అప్పుడు అక్క మెడ దగ్గర గడ్డ వచ్చింది.

బఠాణీ గింజంత. నొప్పి లేదు. "మెడ వంచీ వంచీ వచ్చుంటుందిలే," అంది అక్క. ఆస్పత్రిలో అలా అనలేదు. చిన్న ముక్క తీశారు. మైనంలో బిగించారు. ఆమె బల్ల మీదికే పంపారు.

"నా ముక్క నీ చేతికే వచ్చిందటగా. జాగ్రత్తే, చిరిగిందంటే ఊరుకోను," అని అక్క ఫోన్లో నవ్వింది.

ఆమెకు నవ్వు రాలేదు. భయం వేసింది. ఒళ్ళంతా భయం.

కోసింది. పరిచింది. నీలం రంగులో ముంచింది. రంగు పట్టడానికి కొద్ది నిమిషాలే — అవే గడవవు. గడియారం చూసింది. కిటికీ చూసింది. సంచిలోంచి పుస్తకం తీసింది. ఈసారి కొత్తది. ఒక తల్లీ కూతురూ ఇల్లు ఖాళీ చేస్తున్నారు. ఎందుకో ఇంకా తెలీదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. గిన్నెలకి కాగితాలు చుడుతున్న ఆ చేతుల వెంటే పోయింది... పోయింది...

తలెత్తేసరికి పలక నల్లబడిపోయింది.

ఇన్నేళ్ళలో ఎవరి ముక్కకీ ఇలా జరగలేదు. చివర ఏమవుతుందో మరిచిపోయి చదవడం జన్మలో ఇదే మొదలు. అదీ ఈ పూటే.

ఆసిడ్ నీళ్ళలో ఒక్కసారి ముంచి తీస్తే ఎక్కువైన రంగు వదిలేది. ఆమెకు తెలుసు. సీసా చేతికందే దూరంలోనే ఉంది.

ముంచలేదు.

"ఇందులో ఏం కనబడుతుందమ్మా?" అంది డాక్టరమ్మ. "మళ్ళీ కోసి రేపు పెట్టు."

రేపు.

ఆ మాటకి ప్రాణం లేచొచ్చింది. వెంటనే సిగ్గేసింది. ఎదురుచూస్తున్నది అక్క. గడువు దొరికింది తనకి.

సాయంత్రం ఫోన్లో, రంగు సరిగ్గా పట్టలేదు, రేపు చూస్తారట అని చెప్పింది. సరేలే అంది అక్క. ఎక్కడిదాకా చదివావని అడగలేదు. పందెం వేసుకున్నాక అడగకపోవడం అదే మొదటిసారి.

మర్నాడు పలక చక్కగా కుదిరింది. నీలం నీలంగా, గులాబీ గులాబీగా. మైక్రోస్కోపు కింద పెట్టింది. డాక్టరమ్మ ఇంకా రాలేదు. గదిలో ఎవరూ లేరు. ఆమె కుర్చీలో కూర్చోలేదు. కిటికీ దాకా, తలుపు దాకా, కాలుగాలిన పిల్లిలా తిరిగింది. చూడకూడదు... చూస్తే ఏం? తన పని కాదు... తన అక్క.

ఫోను మోగింది.

"గాబరా..." అక్క గొంతు ఎప్పటిలా లేదు. "చూసేశానే. మన పుస్తకం చివరి పేజీ. పొద్దున్నే షాపులో, చొక్కాలు పక్కన పడేసి చూసేశాను."

ఆమె కిటికీ దగ్గర ఆగిపోయింది.

"చెప్పకక్కా."

"చెప్పనులే. కానీ... నాది నువ్వు చూసి చెప్పవే. మీ డాక్టరమ్మ వచ్చేదాకా ఉండలేను. నావల్ల కావట్లేదే."

అక్క ఎన్నడూ ఎవరినీ ఏదీ తొందరగా అడగలేదు.

ఆమె వంగింది. ఒక చెవికి ఫోను, ఒక కన్ను గాజుకి. లోపలంతా మసక — గట్టు తెలియని నీలం, గట్టు తెలియని గులాబీ. పక్కనే మర. కొంచెం తిప్పితే అంతా తేటపడుతుంది.

వేళ్ళు మర మీద ఆనాయి.

"ఒసే, ఉన్నావా?"

"ఉన్నానక్కా," అంది. మర ఇంకా తిప్పలేదు.