కారు తలుపు మీద గీతలు

మా ఆయన పర్వతాలుకు మిర్యాలగూడలో మెకానిక్ షెడ్డు ఉంది. నాలుగేళ్ల కింద ఓ రైస్ మిల్లు వెనక, కోళ్లు గుడ్లు పెడుతున్న పాత అమెరికా కారొకటి ఆయన కంటపడింది. రెండే తలుపులు, స్టీరింగేమో ఎడమవైపు. అప్పటి నుంచి నాకు మొగుడు లేడు. కారు పైకప్పు కోసి కిందికి దించాడు, పెద్ద ఇంజను బిగించాడు, బానెట్ తీసి పారేశాడు. దీన్ని హాట్ రాడ్ అంటారట. గుడ్డలిప్పుకుని ఊరేగడానికి ఇంగ్లీషులో ఓ పేరు!

చివరికి ఎర్రరంగు వేశాడు. ముచ్చటపడి తలుపు మీద చెయ్యి వేశానో లేదో, "చెయ్యి తియ్యే! తడి ఆరలేదు, ఖరాబైతది!" అని షెడ్డులో అందరి ముందూ అరిచాడు. నాకు ఒళ్లు మండింది. "ఇగ దీని మీద చెయ్యేస్తే నేను గౌరయ్య బిడ్డనే కాదు" అన్నాను. గౌరయ్య మా నాయన, లారీ డ్రైవర్. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో ఆయన లారీకి క్లీనర్ని నేనే.

కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు పాత బండ్ల ప్రదర్శన పెట్టారు. పదకొండుకు గేటు మూస్తామన్నారు. వెంట వస్తానన్న దోస్తుకు ఆ పొద్దున్నే జ్వరం. మా ఆయన వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"సువర్ణా, జర నువ్వన్నా రా. ఒక్కణ్ణే పోవాలంటే పరేషాన్ అయితంది."

చెయ్యి వెయ్యనన్నాను గానీ, కూర్చోనని అనలేదు కదా! తలుపు ఆయన చేతే తీయించి, ఆయన చేతే వేయించి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

నేరేడుచర్ల రాకముందే వడ్ల లారీ ఒకటి ముందు పడింది. స్టీరింగ్ ఎడమవైపాయె, ఆయనకు లారీ వెనకభాగం తప్ప ఏమీ కనబడదు. కుడివైపున్న నాకు రోడ్డంతా కనబడుతోంది. దాని వెనకే పాకుతూ పోతుంటే పది దాటింది. నాలుగేళ్ల కష్టం! ఆయన మొహం చూస్తే ఏడ్చేటట్టున్నాడు. అంత కోపంలోనూ నాకు జాలేసింది. "పో, ఖాళీగ ఉంది!" అన్నాను. బానెట్ లేని ఇంజను మోతలో నా మాట నాకే వినబడలేదు.

ఇక ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తలుపు మీద దబదబా రెండు దెబ్బలు వేశాను. రెండంటే పో, ఒకటంటే ఆగు. లారీ క్లీనర్ల లెక్క అది. ఆయన చటుక్కున దాటించేశాడు. కోదాడ దాకా ఎన్ని లారీలు, ఎన్ని ట్రాక్టర్లు దాటామో! కొడుతుంటే మా నాయన పక్కనే ఉన్నట్టనిపించి భలే సంతోషమేసింది. ఐదు నిమిషాల ముందే గేటు దాటాం.

దిగి చూసుకుంటే ఏముంది! నా ఉంగరం తగిలి తలుపంతా గీతలు. బండ్లు చూసి బహుమతులు తేల్చే కాలేజీ సారు వేలితో తడిమి, "ఇంత చక్కగా చేసి, ఈ గీతలేంటండీ?" అన్నాడు. మా ఆయన నా వైపు చూశాడు. అరుస్తాడనుకున్నాను.

"మా ఆమె చెయ్యి సార్. ఆమె లేకుంటే బండి గీడిదాకా వచ్చేదే కాదు."

ఆ గీతల వల్లే మొదటి బహుమతి పోయి రెండోది వచ్చింది.

తెల్లారి నేనే ఎర్రరంగు డబ్బా పట్టుకుని షెడ్డుకు వెళ్లాను. అప్పటికే ఆయన తలుపుకు వార్నిష్ పూస్తున్నాడు, గీతలు కనబడేటట్టే.

"తుప్పు పట్టకుంట పూస్తున్న. రంగు వద్దు, గట్లనే ఉండనీ" అన్నాడు.

డబ్బా కింద పెట్టి తలుపు మీద చెయ్యి వేశాను, తడి వార్నిష్ మీదే. ఈసారి ఆయన అరవలేదు.