పన్నెండూ నలభైకి చచ్చే మౌస్

కేరళలో జోరువానలు పడే కర్కిడకం నెలలో మా వైద్యశాలలో నోరారా నవ్వే మనిషి కనబడడు. ఉప్పు తక్కువ, పులుపు తక్కువ, చేప ఊసే లేదు. పొద్దున మందు గంజి, రాత్రి మందు గంజి. రోగులకే కాదు, పనిచేసే మాకూ అదే. అది దామోదరన్ వైద్యర్ శాసనం. ఒంట్లో వాతం రేగే కాలమట, ముప్పై రోజులు నోరు కట్టుకుంటే ఏడాదంతా ఒళ్లు మాట వింటుందట. నిజమే కావచ్చు. కానీ ముప్పై రోజులు గంజి తాగినవాళ్ల నోట మంచి మాట రాదు. నా నోటి సంగతి ఊళ్లో అందరికీ తెలుసు కనుక ప్రత్యేకంగా చెప్పుకోను.

ముందు గదిలో కంప్యూటర్ దగ్గర కూర్చునేది నేను. ఇరవై రెండేళ్లు రోగుల చీటీలు చేత్తో రాశాను. నాలుగేళ్ల కిందట కంప్యూటర్ తెచ్చి పెడితే, ఆ వయసులో కిందా మీదా పడి నేర్చుకున్నాను. ఎవరికి ఏ తైలం, ఎవరికి ఎన్నో రోజు చికిత్స, ఎవరికి ఏ పథ్యం, అన్నీ అందులోనే ఉంటాయి. మొన్న ఎడవం నెల చివర, కర్కిడకానికి నెల ముందు, వైద్యర్ తీగ లేని మౌస్ కొన్నారు. పాత మౌస్ తీగ ఒక ముసలాయన చేతికర్రకి చుట్టుకుని, కర్రా ఆయనా ఒకేసారి కింద పడ్డారు. పాతది పారేశారు. కొత్తది నెల రోజులు బుద్ధిగానే పనిచేసింది.

కర్కిడకం మొదలవగానే దానికి రోగం పట్టుకుంది. పొద్దుటి నుంచి బాగానే ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండూ నలభై అయ్యేసరికి తెర మీద బాణం నిలబడిపోతుంది. చేత్తో తిప్పినా, టేబుల్ మీద కొట్టినా, బతిమాలినా కదలదు. రెండు నిమిషాలకి దానంతట అదే లేచి, నేను తిప్పిన తిప్పుడంతా ఒక్కసారే తిరిగి ఎక్కడో ఆగుతుంది. సరిగ్గా ఆ వేళకే నేను సాయంత్రం చికిత్సల చీటీలు అచ్చు తీస్తాను. ఒకరోజు బాణం అలా గెంతి పక్క వరస మీద వాలింది. నేను చూసుకోలేదు. తలనొప్పికి నూనె కోసం వచ్చిన బస్సు కండక్టర్ పేరు మీద విరేచనం చీటీ అచ్చయింది. పాపం, అతను మందు తాగేసి డ్యూటీకి పోయాడు. ఆ రోజు ఆ బస్సు కొడుంగల్లూరు దాకా ఎన్నిచోట్ల ఆగిందో చెప్పుకుని మా ఊరు మాళలో బజారంతా నవ్వింది.

వైద్యర్ నవ్వలేదు. నన్ను లోపలికి పిలిచారు.

"నీ చేతికి కంప్యూటర్ పడదు తంకమణీ. ఈ నెల పోయి చింగం ఒకటో తేదీ వచ్చేలోగా ఇది కుదురుకోకపోతే నువ్వు నూనె వడకట్టే షెడ్డుకి వెళ్లు. ఇక్కడికి ఎవరినైనా చదువుకున్న పిల్లని చూస్తాను."

షెడ్డంటే రోజంతా నిలువుకాళ్ల మీద నాలుగు పొయ్యిల మధ్య నిలబడటం. నా మోకాళ్లు ఆయనకి తెలియనివి కావు, వాటికి తైలం ఇస్తున్నది ఆయనే. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. కాకపోతే ఆ నిప్పు దగ్గర నన్ను నిలబెడుతున్నారు.

"తీగ ఉన్న మౌస్ ఇంకోటి తెచ్చుకుంటానండీ. నేనే కొనుక్కుంటాను" అన్నాను.

"రోగానికి మూలం తెలియకుండా మందు మార్చేవాడు వైద్యుడు కాదు. కారణం కనిపెట్టు. అప్పుడు తెచ్చుకుందువు గాని."

ఇక కారణం కోసం పడ్డాను. బ్యాటరీ మార్చాను. మా దగ్గర ప్రతి వస్తువుకీ నూనె జిడ్డు ఉంటుంది కదా అని మౌస్ పొట్టలోని ఎర్ర దీపాన్ని స్పిరిట్ దూదితో తుడిచాను. టేబుల్ అద్దం మీద నల్ల అట్ట పరిచాను. కంప్యూటర్ వెనక గోడవైపు గుచ్చిన గోరంత రిసీవర్‌ని పీకి పక్క కన్నంలో గుచ్చాను. కొన్న షాపువాడికి ఫోన్ చేస్తే, కరెంటు ఆదా చేసే ఏర్పాటు ఏదో ఆపమన్నాడు. ఆపాను. రోజంతా మౌస్ గుర్రంలా పరిగెత్తింది. పన్నెండూ నలభైకి చచ్చింది.

అప్పుడు వర్కీ సార్ దిగారు. మూడో నంబరు గదిలో వెన్నెముక చికిత్స ఆయనది. టెలిఫోన్ శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. రెండు వారాలు వెల్లకిలా పడుకోబెట్టాక, మధ్యాహ్నం ఒక గంట చక్రాల కుర్చీలో ముందు గదికి రానిచ్చారు. చెవుల్లో తీగలేని బొడిపెలు పెట్టుకుని పాత పాటలు వింటూ, రోడ్డు మీద పోయే చేపల స్కూటర్ వంక విరహంతో చూసేవారు.

"తంకమణీ, పద్దెనిమిది రోజులు గంజి తాగిన మనిషి బతికున్నట్టా, పోయినట్టా?" అన్నారు.

"బతికే ఉన్నారు సార్. నా ప్రాణం తోడేస్తున్నారుగా."

అంతలో మౌస్ చచ్చింది. నేను తిట్టడం మొదలుపెట్టాను. వర్కీ సార్ చెవిలో బొడిపె తీసి చూసుకుని, మళ్లీ పెట్టుకుని, గడియారం చూశారు.

"నీ తిట్లు కాసేపు ఆపు. నా పాట కూడా ఇప్పుడే తెగింది."

మర్నాడు ఆయన పెన్సిల్, కాగితం పట్టుకుని కూర్చున్నారు. పన్నెండూ నలభై ఒకటికి మౌసూ పాటా కలిసి పోయాయి. రెండు నిమిషాలకి కలిసి వచ్చాయి. ఆయన తల పైకెత్తి కళ్లు మూసుకున్నారు. జపం చేస్తున్నారేమో అనుకున్నాను.

"మిట్టమధ్యాహ్నం ధూపం ఎవరు వేస్తారు?" అని అడిగారు.

"నాణియమ్మ గారు. వైద్యర్ తల్లి. ఈ గోడ వెనక గది ఆవిడదే. ఈ నెలంతా వేస్తున్నారు."

"ఆ ధూపం కింద ఇంకో వాసన ఉంది. కుడంపులి. చేపల కూరలో వేసే నల్ల పులుపు. నా ముక్కు అబద్ధం చెప్పదు. పోలీసు కుక్క దీని ముందు దిగదుడుపే."

"ఈ ఇంట్లోనా? ఈ నెలలోనా? అసలు పొయ్యి ఎక్కడుంది సార్ ఆ గదిలో?"

"పొయ్యి కాదు. మైక్రోవేవ్. దాని తలుపు సరిగా పడకపోతే లోపలి తరంగాలు బయటికి కారతాయి. నీ మౌస్, నా పాట గాలిలో నడిచే దారి కూడా అదే. అది అరుస్తుంటే వీటి మాట వినబడదు."

నేను నమ్మలేదు. చల్లారిన అన్నం మళ్లీ వేడి చేస్తే విషమని గోడ మీద రాయించిన మనిషి ఇంట్లో మైక్రోవేవా? పైగా నాణియమ్మ గది నాకు తెలుసు. మంచం, బీరువా, మూల బల్ల మీద ఎర్ర పట్టు కప్పిన పెట్టె. ఆ పెట్టెలో వైద్యర్ తండ్రిగారి తాళపత్రాలు ఉన్నాయి. రోజూ పొద్దున వైద్యర్ వెళ్లి దానికి దండం పెట్టుకుని గాని మొదటి రోగి నాడి పట్టరు.

మర్నాడు మౌస్ చచ్చిన మరుక్షణం లేచి ఆ గది తలుపు తోశాను.

ఎర్ర పట్టు మడత పెట్టి మంచం మీద ఉంది. దాని కింద ఇన్నాళ్లూ ఉన్న పెట్టెలో దీపం వెలుగుతోంది, పింగాణీ గిన్నె గిర్రున తిరుగుతోంది. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. మేం ఎలుకను తవ్వి చేపను పట్టాం. నాణియమ్మ ఎదురుగా ముక్కాలి పీట మీద కూర్చుని, పెళ్లిపందిట్లో పెద్దావిడలా నన్ను చూసింది. ఎనభై నాలుగేళ్లావిడకి రవ్వంత బెదురు లేదు.

"తలుపు వేసి రావే. వాసన బయటికి పోతుంది."

"అమ్మా, తాళపత్రాలేవి?"

"మంచం కింద భద్రంగా ఉన్నాయి. వేపాకు కూడా వేశాను."

"మరి వైద్యర్ రోజూ దండం పెడుతున్నది దీనికా?"

"పెట్టనీ. వాడికి పుణ్యం, నాకు మత్తి చేప."

మస్కట్‌లో ఉన్న కూతురు మూడేళ్ల కిందట తెచ్చి ఇచ్చిందట. తలుపు వదులైపోతే విరిగిన ఎముకలకి కట్టే గుడ్డతో ఈవిడే కట్టు కట్టింది. పక్కింటి రోసిలి పొద్దున వండిన కూర గోడ మీంచి స్టీలు డబ్బాలో అందిస్తుంది. మధ్యాహ్నానికి చల్లారిపోతుంది కనుక ఈ పెట్టె.

"మొగుడూ వైద్యుడే, కొడుకూ వైద్యుడే. అరవై కర్కిడకాలు నోరు కట్టుకున్నానే పిల్లా. ఇంకెన్ని మిగిలాయి? ఒకటో రెండో. అవైనా చేపతో పోనీ" అంది. తర్వాత ఒక చేపని అరిటాకు ముక్క మీద పెట్టి నా చేతిలో పెట్టింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ముల్లు కూడా చప్పరించాను.

బయటికి వచ్చేసరికి వర్కీ సార్ కుర్చీ అంచుకి జరిగి ఉన్నారు. "నాకో ముక్క తెచ్చావా?" అన్నారు. తేలేదని తెలిసి కుర్చీ గోడవైపు తిప్పుకున్నారు.

కారణం దొరికింది. చెబితే నా కుర్చీ నిలుస్తుంది, ఆ ముసలావిడ నోటి దగ్గర కూడు పోతుంది. ఆవిడ చేత్తో పెట్టింది తిని ఆవిడ పేరు చెప్పడానికి నాకు మనసొప్పలేదు. ఎలాగో గట్టెక్కుదామని వైద్యర్ దగ్గరికి వెళ్లి నా తెలివంతా చూపించాను.

"కారణం దొరికిందండీ. వాతం. తీగ లేకుండా గాలిలో నడిచే వస్తువు కదా. పైగా వానాకాలం. తీగ కట్టేస్తే కుదురుకుంటుంది."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇరవై ఆరేళ్లుగా ఇక్కడ ఉన్నావు. మధ్యాహ్నం పన్నెండూ నలభై ఏ దోషం కాలం?"

అది వాతం కాలం కాదని నాకూ తెలుసు. "పిత్తం" అన్నాను.

"రేపు ఆ వేళకి నేనే కూర్చుని చూస్తాను."

పరుగున నాణియమ్మ దగ్గరికి పోయాను. "రేపొక్క రోజు పెట్టె ముట్టుకోకండి. వైద్యర్ కూర్చుంటున్నారు."

ఆవిడ వక్క నములుతూ ఆలోచించింది. "నేను ముట్టుకోకపోతే ఆ ఎలుక చావదు. వాడి చేతిలో బాగానే ఉంది, లోపం నీ చేతిలోనే అంటాడు. అప్పుడు నిన్నేం చేస్తాడు?"

"షెడ్డుకి పంపుతారు" అన్నాను. అబద్ధం చెబుదామనుకున్నాను గానీ నోరు తిరగలేదు.

"సరే, వెళ్లు" అంది.

మర్నాడు వైద్యర్ నా కుర్చీలో కూర్చుని మౌస్ మీద మూడు వేళ్లు ఆనించారు, నాడి చూస్తున్నట్టు. నేను పక్కన నిలబడ్డాను. వర్కీ సార్ చక్రాల కుర్చీలో ఎదురుగా. పన్నెండూ నలభై అయింది. బాణం తెర మీద ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నున్నగా తిరుగుతోంది. నలభై రెండు. నలభై మూడు. నాణియమ్మ పెట్టె ముట్టుకోలేదని నాకు అర్థమైంది. ముట్టుకోవద్దని నేనే చెప్పి నా గొయ్యి నేనే తవ్వుకున్నానని ఏడుపొచ్చింది.

"నా చేతిలో నిక్షేపంగా ఉంది కదా తంకమణీ. మరి లోపం ఎక్కడున్నట్టు?"

ఆయన లేవబోయారు. నలభై ఐదుకి బాణం ఆగిపోయింది.

వైద్యర్ మళ్లీ కూర్చున్నారు. మౌస్ తిప్పారు, ఎత్తి చూశారు, చెవి దగ్గర పెట్టుకున్నారు. అప్పుడు వచ్చింది వాసన. ఆ రోజు ధూపం లేదు. ఎండుమిరప, కుడంపులి, కొబ్బరినూనెలో వేగిన కరివేపాకు, వాటి వెనకే మత్తి. ఏ అడ్డూ లేకుండా ముందు గదిలోకి నడిచి వచ్చింది. వర్కీ సార్ దాన్ని కప్పిపుచ్చుదామని గట్టిగా దగ్గారు. దగ్గితే వాసన దాగుతుందా? వైద్యర్ లేచి, తల్లి గదిలోకి వెళ్లి, తలుపు వేసుకున్నారు.

నేను టేబుల్ పట్టుకుని నిలబడ్డాను. నాకోసం ముసలావిడ పట్టుబడిపోయింది. లోపలి నుంచి అరుపు వస్తుందని చూస్తున్నాను. రాలేదు. తెర మీద బాణం కదిలింది, లోపల పెట్టె ఆగిందన్నమాట. ఒక నిమిషం గడిచింది.

బాణం మళ్లీ చచ్చింది.

"రెండో వాయి" అన్నారు వర్కీ సార్.

పావుగంటకి వైద్యర్ వచ్చారు. చేతులు కడుక్కుని వచ్చారు గానీ మీసం సంగతి మరిచిపోయారు. నా వంక చూడకుండా గోడ క్యాలెండర్‌తో మాట్లాడారు.

"కారణం చూశాను. మందు అక్కర్లేదు. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి ఒంటిగంట దాకా కంప్యూటర్ ఆపు. దానికీ విశ్రాంతి కావాలి. చీటీలు ఆ తర్వాత తియ్యి."

"మరి షెడ్డు?"

"షెడ్డుకి నువ్వెందుకు? ఇక్కడ ఎవరు చూస్తారు?"

వర్కీ సార్ చెయ్యెత్తారు. "వైద్యరే, నా సంగతి..."

"మీ పథ్యం ఇంకో రెండు రోజులుంది. ముక్కు మూసుకోండి" అని ఆయన లోపలికి పోయారు.

సాయంత్రం నాణియమ్మ దగ్గరికి వెళ్లాను. కాళ్ల దగ్గర కూర్చున్నాను. "నాకోసం ఎందుకమ్మా అంత సాహసం చేశారు?" అని అడిగాను.

"చేప మానేస్తే నాకు పోయేది నెల రోజులు. ఆ పొగలో పడితే నీకు పోయేది బతుకంతా" అంది ఆవిడ, వక్క ముక్క దవడకి తోసుకుంటూ. "అయినా సాహసమేముందే. వాడిని కన్నది నేను. మత్తి వాసన తగిలాక వాడు ఎంతసేపు వైద్యుడిగా నిలబడతాడో నాకు తెలీదా?"