గలగల పువ్వు

నాలుగో ఆవు పాలు కూడా పితికేసి, సవేత చేతులు తుడుచుకుంది. డెబ్బై రెండేళ్ల పొట్టి మనిషి. పొడుగు కర్ర కొడవలి తిప్పీ తిప్పీ కుడి భుజం రెండు వేళ్లంత కిందికి దిగిపోయింది. ఆమె గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. మారమురేష్ కొండల్లో పుట్టింది, అక్కడే పెళ్లాడింది, అరవై ఎండాకాలాలు గడ్డి కోసింది. అదేమన్నా తక్కువా?

ఆ రోజు బడిలో సమావేశం. పూలు గింజ రాల్చేదాకా, అంటే జూలై ఒకటిదాకా, ఎవరూ గడ్డి కోయకూడదని ప్రభుత్వం నియమం పెట్టబోతూ రైతుల మాట అడుగుతోంది. సవేత దిగువ పొలంలో గడ్డి జూన్ మధ్యకే పండుతుంది. జూలైదాకా ఆగితే అది ఆవులు మూతి తిప్పుకునే పుల్లలవుతుంది. అందుకే పొద్దున్నే దిగువ పొలంలో ఒకటి, ఎగువ పొలంలో ఒకటి, రెండు పసుపు పూల కాడలు తుంచి పట్టుకెళ్లింది.

"ఎవరికక్కా ఆ పూలు? మళ్లీ పెళ్లా?" అన్నాడు పక్కింటి గావ్రిల్.

"నిన్ను కాదులే, భయపడకు."

బడిలో మగవాళ్లంతా ఒక్కసారే మాట్లాడారు. సవేత చివరి బల్ల మీద కూర్చుంది. ఆ గదిలో ఆమెను ఎవరూ ఎప్పుడూ ఏదీ అడగలేదు. తన వంతు వచ్చేసరికి లేచి వెళ్లి, చిన్న వయసు ఆఫీసరు లవీనియా చెవి దగ్గర ఒక కాడ ఊపింది. ఎండిన కాయలో గింజలు గలగలమన్నాయి. రెండోది ఊపితే చప్పుడే లేదు.

"ఇది దిగువది, ఇది ఎగువది. రెండూ ఇవాళే తుంచానమ్మా. ఏ తారీఖు వేస్తావు?"

"మరి ఎప్పుడు కొయ్యాలో ఎలా తెలుస్తుంది పెద్దమ్మా?"

"అదే చెప్తుంది. మోగిందంటే గింజ ముదిరినట్టు. అప్పుడు కోస్తే సగం అక్కడే రాలుతుంది. మళ్లీ ఏడాదికి పువ్వుంటుంది."

లవీనియా తన కాగితంలో జూలై ఒకటి అన్న తారీఖు కొట్టేసింది. 'గలగల పువ్వు గింజ మోగాక కోయాలి' అని రాసి, పైకి చదివింది. రెండు కాడలూ ఫైల్లో పెట్టుకుంది.

మధ్యాహ్నం సవేత దిగువ పొలంలో కొడవలి పట్టింది. తన మాట కాగితమెక్కిందన్న సంతోషంతో చెయ్యి తేలిగ్గా ఆడింది. ఇంకొక్క వరస మిగిలుండగా, కొడవలి అంచుకి గుడ్డ చుట్టి, బేరిచెట్టు మొదలుకి వీపు ఆనించి కూర్చుంది. గావ్రిల్ మంచినీళ్లు తెచ్చి పిలిస్తే పలకలేదు. అతను టోపీ తీసి చాలాసేపు పక్కనే కూర్చున్నాడు. ఊళ్లోవాళ్లు వచ్చి ఆమెను తీసుకెళ్లాక, మిగిలిన వరస తనే కోశాడు.

చలికాలానికి నియమం అచ్చయి వచ్చింది. అందులో తారీఖు లేదు. లవీనియా ఆ పాత ఫైలు తీసినప్పుడల్లా లోపల ఒక కాడ గలగలమంటుంది.