వంగిన రెమ్మ

జుల్మీరా తలుపు తీసేసరికి వసారా స్తంభానికి మళ్లీ గ్రింపా రెమ్మ వేలాడుతోంది. వరసగా ఇది మూడో పొద్దు.

గ్రింపా అంటే అరౌకారియా చెట్టు రాల్చే ఎండు ముళ్ల రెమ్మ. సావ్ జోవకిం అనే ఆ కొండ ఊళ్లో అందరూ పొయ్యి రాజేయడానికి ఏరుకునేదే. ఆమె మొగుడు అన్సెల్మో మాత్రం రాత్రి దాన్ని ఆపిల్ చెట్ల వరసలో వేలాడదీసి, పొద్దున్నే విరిచి చూసేవాడు. పుటుక్కున విరిగితే ఆకులు ఆరినట్టు. వంగితే తడి నిలిచినట్టు, గజ్జి తెగులు పట్టబోతున్నట్టు. ఆ రోజే మందు కొట్టేవాడు. ఆయన పోయి నాలుగు నెలలైంది.

జుల్మీరా రెమ్మను విరవబోయింది. వంగింది.

నిరుడు తెగులు సగం కాపును మింగేసింది. ఈ ఏడూ పడితే ఆయన చేత్తో నాటిన చెట్లు పీకించేసి, లాజెస్‌లో చెల్లెలి పంచన చేరాల్సిందే.

మాతే ఆకుల కషాయం తాగడానికి వచ్చిన పక్కతోట తదావో ఫోన్ చూపించాడు. అన్సెల్మో పోయాక కొండ మీద అతనే ఒక మర బిగించాడు. అది తడినీ చలినీ కొలిచి పంపితే, ఫోన్ లెక్కగట్టి తెగులు ముప్పు ఎంతో చెబుతుంది.

“మూడు రోజులుగా ముప్పు సున్నా, వదినా. మందు దండగ.”

“మరి ఈ రెమ్మ ఎవడు కట్టాడు?”

“నువ్వే కట్టి మర్చిపోయుంటావు. లేదా మా అన్నే వచ్చాడేమో! బతికుండగా మర పెడదామంటేనే ఒప్పుకోలేదు, చచ్చాక నమ్ముతాడా?”

“నీ నోరు పడిపోను! ముడి చూడు. మీ అన్న వేసే ఎడమచేతి వాటం ముడి.”

తదావో నవ్వు ఆగిపోయింది.

ఇద్దరూ తోటలోకి వెళ్లారు. పది గంటలైంది, కొండ మీద ఎండ కాస్తోంది. వడగళ్లు పడకుండా చెట్ల మీద కప్పిన వల కింద మాత్రం పొగమంచు కదలకుండా కూర్చుంది, ఆకుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

తదావో నెత్తి కొట్టుకున్నాడు. “మర పెట్టాక కదా వల కట్టాం! అది పైన గాలికి ఆరిపోతోంది, ఇక్కడ ఆకులు నానుతున్నాయి. పద వదినా, సాయంత్రం దాటితే మందు కొట్టినా లాభం లేదు.”

చీకటి పడేలోగా కొట్టేశారు. చెట్లు బతికిపోయాయి. తదావో మరను వల కిందికి మార్చాడు. ఆ రోజు నుంచి ఫోన్ తప్పు చెప్పలేదు.

మర్నాడు స్తంభం ఖాళీ. ఆ మర్నాడూ ఖాళీయే. వారం గడిచింది.

రెమ్మ కనిపిస్తే భయపడ్డ మనిషి, కనిపించకపోతే అంతకన్నా భయపడింది. ఆయనకిక ఇక్కడ పని లేకుండా చేశానని పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది.

ఆదివారం తదావో చర్చికి వెళ్లగానే మర విప్పి, మోసుకెళ్లి, మళ్లీ కొండ మీదే బిగించింది.

తెల్లారాక తలుపు తీసింది. స్తంభానికి రెమ్మ ఉంది. ముడి ఎడమకి తిరిగి ఉంది. వేళ్ల మధ్య మెత్తగా వంగింది.

“వస్తున్నా, ఉండు” అని, జుల్మీరా మందు కొట్టే ట్రాక్టర్ తాళం అందుకుంది.