దుమ్ము వల్లే

కంప్యూటర్ తెర మీద రెండు గీతలు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసిపోయాయి. ద్రవంలో అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటే అందులోంచి పోయే వెలుగు ఎంత చెదురుతుందో అక్క కంప్యూటర్‌లో కట్టిన లెక్క ఒక గీత. అదే ద్రవాన్ని కింది ల్యాబులో లేజర్‌తో తమ్ముడు కొలిచింది రెండోది. ఇద్దరూ కవలలు, ఐదు నిమిషాలు ముందు పుట్టిన పాపానికి ఆమె అక్కయింది.

రేపు వ్యాసం జర్నల్‌కు పంపాలి. సంతోషించాల్సింది పోయి ఆమెకు మనసు పీకుతోంది. ఉండబట్టలేక మెట్లు దిగింది.

“ఒరేయ్, నా గీత దానంతటది కలవలేదురా. సోమవారం నీ కొలత చూసి, దానికి సరిపోయేదాకా ఆ లాగుడు బలం అంకె మార్చుకుంటూ పోయాను. నీ చెయ్యి తప్పదని.”

గాజు గొట్టం తుడుస్తున్న తమ్ముడి చెయ్యి ఆగిపోయింది.

“ఆదివారం నేను నీ గీత చూశానక్కా,” అన్నాడు తలెత్తకుండా. “నీ లెక్క తప్పదు కదా అని, దానికి దూరంగా పడ్డ కొలతలన్నీ ద్రవంలో పడ్డ దుమ్ము వెలుగును చెదరగొట్టడం వల్లేనని కొట్టేశాను.”

గొట్టంలో ద్రవం తేటగా ఉంది, దుమ్ము రేణువన్నదే లేదు. చిన్నప్పుడు ఇద్దరి నోటుపుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని అమ్మ అడిగే మాట వాళ్లకు ఒకేసారి గుర్తొచ్చింది.

“ఇద్దరికీ ఒకే తప్పు ఎలా వచ్చిందర్రా?”