అంగట్లో విన్న తెలుగు

నా భార్య దేవకి పోయాక ఇంట్లో తెలుగు మాట్లాడటానికి నాకు మనిషి లేకుండా పోయింది. తమిళనాట తిరుత్తణిలో మా తెలుగువాళ్ల సత్రం మేడగదిలో ఆదివారాలు పిల్లలకు తెలుగు చెప్పడం అందుకే మొదలుపెట్టాను. ఇప్పుడా గదిని ఊళ్లోని తమిళాయన తంగరాజు ట్యూషన్ సెంటరుకు అడుగుతున్నాడు.

సత్రం పెద్ద లక్ష్మీకాంత్‌ది బట్టలంగడి; తంగరాజు అక్కడ పాత గిరాకీ. ఈ ఆదివారం తంగరాజును వెంటబెట్టుకొచ్చి, పిల్లల ముందే మొగమాటం లేకుండా చెప్పేశాడు.

"మునుస్వామన్నా, ఏడాది అయిపోయింది. బట్టీ పట్టిన పద్యాలు వద్దు. ఒక్క బిడ్డన్నా సొంతంగా తెలుగులో మాట్లాడితే గది నీది. లేదంటే ఈ పొద్దే తాళం తంగరాజుకు ఇచ్చేస్తా."

పిల్లలు తలలు దించుకున్నారు. వాళ్లకు తెలుగు అర్థమవుతుంది. నోరు తెరిస్తే పెద్దవాళ్లు తప్పులెంచి నవ్వుతారని తమిళంలోనే జవాబిస్తారు. తంగరాజు గడియారం చూసుకున్నాడు.

చివరికి లక్ష్మీకాంత్ మనవరాలు ప్రీతిక లేచింది. ఏం చెప్పాలని తమిళంలో అడిగింది.

"ఇంట్లో, అంగట్లో రోజూ వినేదే చెప్పమ్మా," అన్నాను.

అచ్చం వాళ్ల తాత గొంతుతో మొదలుపెట్టింది. "ఒరే దినకరా, ఈయమ్మకు చీర మీద మనసైపోయింది, రేటు దించబాక. తంగరాజు వచ్చినాడంటే ముందే ఎక్కువ చెప్పు, వాడు బేరమాడకుండా పోడు."

తమిళ గిరాకీలకు అర్థం కాకూడదని వాళ్ల ఎదుటే మా వ్యాపారులు పనివాళ్లతో మాట్లాడే తెలుగు అది. పిల్లకు రోజూ చెవిన పడే తెలుగు అదే.

లక్ష్మీకాంత్ ముఖం కందిపోయింది. కూర్చోమని తమిళంలో కసిరాడు. ప్రీతిక కళ్లు నిండాయి. నా చేత్తో నేనే ఆ గది తలుపు మూసినట్టయింది.

"బిడ్డను కోప్పడొద్దు సామీ," అన్నాడు తంగరాజు, తెలుగులో. "మీ నాయన గల్లా కాడ కూర్చున్న కాలం నుంచీ నాకు అంతా అర్థమయితానే ఉండాది. మీరు ఎంతకు దిగుతారో విన్నాకే నేను బేరం మొదలుపెట్టేది."

ప్రీతిక కళ్లు తుడుచుకుని అతని వైపు తిరిగింది.

"మరి ఇన్నాళ్లూ యాల చెప్పలే మామా? నిన్ను ఏమారిచ్చినామని మా తాత... ఇంటికొచ్చి నవ్వతాడే."

ఆ మాట ఆమెకు ఎవరూ నేర్పింది కాదు. నడుమ కాస్త తడబడింది. ఎవరూ నవ్వలేదు, దిద్దలేదు.

లక్ష్మీకాంత్ తాళంచెవి నా ముందు పెట్టాడు.

"ఉంచుకో అన్నా. అంగడి సంగతులు మాత్రం అడగబాక."