మామ తీర్చుకున్న మొక్కు

మునిలక్ష్మికి రష్యాలో చదువుకునే సీటు వచ్చిందన్న కబురు ఆమె కంటే ముందు ఆమె మామ దండపాణికి తెలిసింది. తెలియకుండా ఎట్లా ఉంటుంది? మద్రాసు నుంచి దరఖాస్తు తెచ్చింది ఆయనే, నింపింది ఆయనే, ఇంటర్వ్యూకు వెంటబెట్టుకుని వెళ్ళిందీ ఆయనే. తిరువళ్ళూరు హైస్కూల్లో సైన్సు అయ్యవారు. విదేశాల్లో చదువు అన్న మాట చెవిన పడితే చాలు, ఆయనకు పూనకం వచ్చేది. పరాయి దేశంలో చదివితే మనిషికి భయం పోతుంది, సొంత బుద్ధితో బతకడం వస్తుంది, పది దేశాల పిల్లల మధ్య కూర్చుంటే మన ఊరి గొప్ప ఎంతో మన కులం గొప్ప ఎంతో తెలిసొస్తుంది అని రైల్లో పక్కన కూర్చున్నవాళ్ళను కూడా వదలకుండా చెప్పేవాడు. ఆయన మటుకు తిరుత్తణి దాటి అవతలికి పోయిన పాపాన పోలేదు.

మునిలక్ష్మి ఆ మాటలన్నీ నమ్మింది. కడంబత్తూరు రైతు బిడ్డ, అప్పుడే బి.యస్సీ ముగించింది, ఇరవయ్యొకటో ఏడు నడుస్తోంది. వాళ్ళ నాయన జయరామ్ పొలంలో ఒక చెక్క అంతా చవుడు, ఏం వేసినా మాడిపోతుంది. చవుడు నేలను బాగుచేసే చదువు అక్కడ ఉందనీ, ఖర్చంతా ఆ ప్రభుత్వమే పెట్టుకుంటుందనీ తెలిసినప్పటి నుంచి ఆ పిల్ల కాళ్ళు నేలమీద ఆనలేదు. జీవితంలో ఆమె కావాలని అడిగింది అదొక్కటే.

ఇంట్లో అడ్డం పడింది చెంగమ్మ. మునిలక్ష్మికి అమ్మమ్మ, దండపాణికి కన్నతల్లి. ఆ ఇంట్లో ఆమె మాట మీద మాట లేదు. అక్క కూతురి మీద తమ్ముడికి హక్కుంటుందని, ఆ పిల్ల పుట్టినప్పుడే పేరు పెట్టి చెప్పేసిన మనిషి.

"తాళి కట్టించుకోని యాడికన్నా పో మే. తాళి లేకుండా ఈ గడప దాటేది లేదు," అన్నది.

దండపాణి వెంటనే అందుకున్నాడు. "కట్టేది నేనే, పంపించేదీ నేనే. దాని చదువు ముగిసేదాకా కాసుకోని ఉంటా. ఎవురేమనుకున్నా నాకేమి?"

ఎవరూ ఏమీ అనుకోలేదు. పైగా ఊరంతా మెచ్చుకుంది. కట్టుకున్న పెళ్ళాన్ని సముద్రాల అవతలికి చదువుకు పంపే మగవాడు ఈ చుట్టుపక్కల ఎవడున్నాడని స్కూల్లో తోటి అయ్యవార్లు చెప్పుకున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా దండపాణి తల దించుకుని నవ్వేవాడు.

మునిలక్ష్మి తెలివి తక్కువదేం కాదు. మామంటే ఇష్టమే, కానీ కడుపు పండితే ప్రయాణం ఎండిపోతుందని ఆమెకు తెలుసు. అందుకని ఒక ఉపాయం ఆలోచించింది. మిగతా తెలుగువాళ్ళకు ఆషాఢం ఎట్లాగో అరవనాట ఉన్న తెలుగువాళ్ళకు ఆడి మాసం అట్లాగ. ఆ నెలంతా కొత్త పెళ్ళికూతురు పుట్టింట్లో ఉండాలి, మొగుడి నీడ కూడా పడకూడదు. ఆడిలో నెల తప్పితే చిత్తిరలో కానుపు వస్తుంది, చిత్తిర మండుటెండల్లో పుట్టిన బిడ్డ ఇంటికి అరిష్టం అని పెద్దల భయం. ఈ విషయంలో చెంగమ్మ అంత పట్టుదల మనిషి ఇంకొకరు లేరు. పెద్దకొడుకు కొత్త పెళ్ళికొడుకుగా ఉన్నప్పుడు ఆడిలో అత్తగారి వీధిలో కనిపించాడని, ఊరంతా చూస్తుండగా చీపురు పట్టుకుని ఇంటిదాకా తరిమింది.

కాబట్టి ఆని నెలలో ఆఖరి ముహూర్తానికి పెళ్ళి పెట్టించుకుంది మునిలక్ష్మి. తెల్లారితే ఆడి. శోభనం ఆడి పోయాక వచ్చే ఆవణి నెలకు వాయిదా. ఆవణి పుట్టగానే మద్రాసు హాస్టల్లో ఉండి రష్యన్ భాష నేర్చుకోవాలి, ఆ నెలాఖరుకు విమానం. ఎటు చూసినా తప్పిపోయే దారి లేదనుకుంది. మామ కూడా కిమ్మనకుండా ఒప్పుకున్నాడు. అమ్మమ్మ చీపురు ఉండగా తనకేం భయమని ఆ పిల్ల ధైర్యం.

ఆ ఏడు కొండమీది స్వామికి మొక్కులు తీర్చే ఆడి కృత్తిక పండగ నెల మొదట్లోనే వచ్చింది. తిరుత్తణి కొండ కింద ఇసుక వేస్తే రాలనంత జనం. కావళ్ళు, డప్పులు, అరోహరా కేకలు. ఇంటిల్లిపాదీ వెళ్ళి సత్రంలో ఒక గది తీసుకున్నారు. ఎండకు మునిలక్ష్మికి తల పగిలిపోతోంది.

"నువ్వు రావద్దులే మే, ఈడనే పండుకో. నీ పేరన నేను మొక్కుకుంటా," అని చెంగమ్మ అందరినీ కొండమీదికి తోలుకుపోయింది.

కాసేపటికి తలుపు చప్పుడైంది. వాకిట్లో దండపాణి. తలమీద వెంట్రుక లేదు, నున్నటి గుండుకు తడి గంధం. మునిలక్ష్మి దిగ్గున లేచి కూర్చుంది. జుట్టంటే మామకు ప్రాణం. క్లాసులో పాఠం మధ్యలో కూడా దువ్వెన తీసే మనిషి.

"ఏంది మామా ఇది?"

"నీకోసరమే. సముద్రాలు దాటి పోతా ఉండావు గదా, పట్టా తీసుకోని క్షేమంగా రావాలని స్వామికి మొక్కుకున్నా. ఇంకేమి చేసేది నేను? నీ వెంట వచ్చేదానికి లేదు," అన్నాడు. గుండు ఒకసారి తడుముకున్నాడు.

మునిలక్ష్మికి కన్నీళ్ళు ఆగలేదు. లోకంలో ఏ మగవాడు పెళ్ళాం చదువుకోసం తల గొరిగించుకుంటాడు? ఇట్లాంటి మనిషిని నమ్మకుండా పంచాంగం చాటున దాక్కున్నానే అని సిగ్గుపడింది.

"ఆడి గదా మామా. అవ్వ చూసిందంటే చంపేస్తుంది."

"అవునవును. పోతాలే నేను," అని ఆయన వెనక్కి తిరిగాడు. చెయ్యి పట్టుకుని ఆపింది ఆమే. ఆమెను ఎవరూ బలవంతం చేయలేదు; ఆ సంగతి దాచి ఈ కథ చెప్పడం న్యాయం కాదు. ఆ మధ్యాహ్నం ఆమె సంతోషంగానే ఉంది. నిజానికి పుట్టి బుద్ధెరిగాక అంత సంతోషం ఆమె ఎరగదు.

అందరూ కొండ దిగి వచ్చేటప్పటికి దండపాణి సత్రం బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. చెంగమ్మ కొడుకును చూసింది, మనవరాలిని చూసింది. చీపురు కోసం వెతకలేదు సరికదా, ఇద్దరి నుదుటా విభూతి పెట్టింది. స్వామి కాపాడాడని మునిలక్ష్మి ఊపిరి పీల్చుకుంది.

ఆవణిలో మద్రాసు వెళ్ళింది. రష్యన్ అక్షరాలు అందరికంటే ముందు పట్టుబడ్డాయి. అక్షరాలతో పాటు వాంతులు కూడా మొదలయ్యాయి. హాస్టల్లో సాంబారు వాసన తగిలితే చాలు, లేచి పరుగెత్తేది. ప్రయాణానికి ముందు చేసే వైద్య పరీక్షలో డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టి సంగతి చెప్పింది. కడుపుతో ఉన్నవాళ్ళను తీసుకోరు, సీటు పోయినట్టే. చట్టం ఒప్పుకునే దారి ఒకటుంది, కానీ మొగుడి సంతకం లేకుండా తాను ఆ పని చేయనన్నది.

మునిలక్ష్మి ఆ పూటే రైలెక్కింది. దారి పొడవునా ఏడవలేదు. ఏడవడానికేముంది, సంతకమే కదా కావలసింది. తన కోసం తల గొరిగించుకున్నవాడు ఒక్క సంతకం పెట్టడా? రైలు తిరువళ్ళూరు దాటేసరికి మనసు తేలికపడింది కూడా.

ఇంటికి వెళ్ళేటప్పటికి వసారాలో చెంగమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. దండపాణి కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. మునిలక్ష్మి కూర్చోకుండానే సంగతి చెప్పింది. మాట పూర్తి కాకముందే చెంగమ్మ చేట పక్కన పడేసి లేచి, మనవరాలి బుగ్గలు పుణికి మెటికలు విరిచింది.

"నాకు తెలుసు! ఆ స్వామి నా మాట కాదనడని నాకు తెలుసు! వీడు ఉద్యోగం పర్మనెంటు అయ్యేదానికి మొక్కుకున్న గుండు ఎన్నేండ్లుగానో నిలవ ఉండె. జుట్టు పోతాదని సాకులు చెప్తా వచ్చినాడు. పెండ్లాం కడుపుతో ఉంటే మొగుడు తల గొరిగించుకోకూడదు గదా మే? అందుకనే నేనే చెప్పినా, ముందు ఆ గుండు పని ముగించుకోని తరువాత దాని కాడికి పోరా అని. మళ్ళా కానుపు అయ్యేదాకా కుదరదు గదా!"

మునిలక్ష్మి మామ వైపు చూసింది. ఆయన పేపరు దించలేదు. తలమీద కొత్త జుట్టు గరుకుగా మొలిచి ఉంది.

"ఆడి గదా అవ్వా," అన్నది ఎట్లాగో. "చిత్తిరలో పుడితే ఇంటికి అరిష్టమంటివే."

"పుట్టనీలే. చిత్తిర బిడ్డకు శాంతి చేయించొచ్చు. రష్యా పోయినదానికి ఏం శాంతి ఉండాది?" అని చెంగమ్మ మళ్ళీ చేట ముందుకు లాక్కుంది.

అప్పుడు పేపరు మడతపెట్టాడు దండపాణి. మునిలక్ష్మి సంతకం అడిగింది. అడగడం కాదు, కాళ్ళ దగ్గర కూర్చుంది.

"నేను పోవద్దన్నానా?" అన్నాడు ఆయన నెమ్మదిగా. "ఒక్కసారన్నా అన్నానా, చెప్పు. దరఖాస్తు నింపినా, ఇంటర్వ్యూకి పిలుచుకోని పోయినా. ఇప్పుడు దేవుడిచ్చినదాన్ని తీసెయ్యమని నా చేత్తో రాయమంటే మటుకు నా వల్ల కాదు."

"ఎందుకిట్లా చేసినావు మామా? వద్దని చెప్పుంటే ఏడ్చి ఊరుకుందును గదా."

"వద్దంటే నా గతేమి? ఊరి పిల్లలందరికీ పో పో అని చెప్పినోడు సొంత పెండ్లాన్ని ఇంట్లో కట్టేసుకున్నాడని తిరువళ్ళూరంతా నవ్వదా?"

క్లాసులో అర్థం కాని పిల్లవాడికి లెక్క విప్పి చెప్పినట్టు చెప్పాడు. కోపం లేదు, సిగ్గు లేదు. తిట్టినా కొట్టినా మునిలక్ష్మి తట్టుకునేది. ఆ నిదానాన్ని తట్టుకోలేక లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం పొన్నుస్వామి వచ్చాడు. స్కూలు పిల్లల తల్లిదండ్రుల సంఘానికి పెద్ద, కూతురు కాలేజీలో చదువుతోంది. ఆ పిల్లను కూడా వెంట తీసుకొచ్చాడు. చేతిలో పళ్ళు, సంచిలో దండ. దండపాణి మెడలో దండ వేసి, పెళ్ళాన్ని రష్యా పంపే మనసు ఎవరికుంటుందని పొగిడాడు. దండపాణి తల దించుకుని నవ్వాడు.

"నేను పంపిద్దామనే ఉంటిని అన్నా. దానికే మనసు రాలేదు. సంసారం వదిలి పోలేనని వెనక్కి వచ్చేసింది. నేనేమి చేసేది?"

కాఫీ లోటాలు పట్టుకుని మునిలక్ష్మి వాకిట్లోకి వచ్చింది అప్పుడే. పొన్నుస్వామి ఆమె వైపు తిరిగాడు. "అవునామ్మా? ఇట్లాంటి మొగుడు దొరికినా వద్దనుకున్నావంట?"

మునిలక్ష్మి మామను చూసింది. ఆయన కళ్ళురిమి చూడలేదు. హాయిగా, నమ్మకంగా నవ్వుతున్నాడు. నిజం చెప్పాలంటే సత్రం గది చెప్పాలి. ఆడి నెల చెప్పాలి. చెయ్యి పట్టుకున్నది ఎవరో చెప్పాలి. వసారా చివర నాయన పరాయి మనుషుల ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అవునన్నా," అన్నది. "నాకే ఇష్టం లేకపోయింది."

పొన్నుస్వామి పెదవి చప్పరించి కూతురితో అన్నాడు: "విన్నావా? నువ్వూ దరఖాస్తు దరఖాస్తు అని ప్రాణం తీస్తా ఉండావు. కడాకు ఆడబిడ్డ సంగతి ఇంతే. లే, పోదాం."

ఆ పిల్ల కాఫీ ముట్టకుండా లేచింది. గడప దగ్గర ఆగి, తండ్రికి వినపడకుండా మునిలక్ష్మితో అన్నది.

"వద్దనుకున్నదానివి ముందే చెప్పుండొచ్చు గదక్కా. ఆ సీటు నిజంగా పోవాలనుకున్నోళ్ళకు వచ్చుండేది."